‘ఇతరులవంటి సైనికులే’నా? — వాఫెన్ ఎస్. ఎస్. సేనానుల గ్రంథములపై విమర్శ

ఓడిన సేనాని చేతినుండి కత్తిని లాగికొనవచ్చును గాని కలమును లాగికొనుట సాధ్యము కాదు. 1945వ సంవత్సరము మే నెలలో జర్మనీ లొంగిపోయినది. ఎనిమిది సంవత్సరములు గడచినవో లేదో, 1953లో, పాల్ హౌసర్ అను వృద్ధ సేనాని తాను పెంచిన సేనయొక్క యుద్ధచర్యలనుగూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఆ సేన పేరు వాఫెన్ ఎస్. ఎస్. అనగా, నాజీ పక్షమునకు చెందిన ఎస్. ఎస్. అను రక్షకదళములో ఆయుధములు ధరించి యుద్ధభూమికి పోయిన విభాగము. ట్యాంకు యుద్ధములలో పేరెన్నికగన్న గుడేరియన్ ఆ గ్రంథమునకు పీఠిక వ్రాసెను. 1966లో హౌసరే రెండవ గ్రంథమును వెలువరించి దానికి ‘ఇతరులవంటి సైనికులే’ అను అర్థమిచ్చు నామము పెట్టెను. గ్రంథనామము ఒక్కొక్కప్పుడు అలంకారమాత్రము. ఒక్కొక్కప్పుడు అది గ్రంథమంతటికిని ప్రతిజ్ఞావాక్యము. ఇచ్చట రెండవదే జరిగినది. మన నైయాయికులు ప్రతిజ్ఞ చేసినవానిని హేతువడుగుదురు, హేతువు చెప్పినవానిని ఉదాహరణమడుగుదురు. ఆ రీతినే ఈ ప్రతిజ్ఞ నిలుచునా నిలువదా యని చూచుట ఈ వ్యాసముయొక్క పని.

ఐరోపాఖండమున ఎనుబది యేండ్లకు పూర్వము నశించిన యొక సేనను గూర్చిన తగవు తెలుగు చదువరుల కేల యని కొంద రడుగవచ్చును. ఆ సేన నశించినది గాని దాని వేషము నశింపలేదు. ఇంగ్లీషు పుస్తకముల మూలమునను, చలనచిత్రముల మూలమునను, ఆటల మూలమునను ఆ నల్లని దుస్తులు, ఆ పుఱ్ఱె గుర్తు, ఆ ట్యాంకులు మన బాలురకు పరిచితములైనవి. ఏ డివిజనునకు ఏ చిహ్నముండెనో, ఏ సేనానికి ఏ పతక మబ్బెనో తడుముకొనక చెప్పగల విద్యార్థులు కలరు. ఆ డివిజనులు దాటిపోయిన గ్రామములలో ఎందరు మిగిలిరో వారిలో చాలమంది యెరుగరు. చరిత్రలో సగము నేర్చినవానికంటె ఏమియు నేర్వనివాడు నయము. వానికి ఇంక నేర్పవచ్చును. కావున ఈ విచారము మనకును అవసరమే.

ముందుగా ఈ సేనయొక్క పుట్టువు నరయుదము. హిట్లరు అధికారమునకు వచ్చిన ఆరు వారములకు, 1933 మార్చి 17న, అతని అనుచరుడు సెప్ డీట్రిఖ్ బెర్లినులో 120 మందిని ఏరి అంగరక్షకులుగా నియమించెను. ఆ సంవత్సరమే నవంబరు 9న మ్యూనిక్ నగరమున ఈ దళము హిట్లరు అను వ్యక్తి పేర ప్రమాణము చేసినది. రాజ్యాంగము పేర గాదు, దేశము పేర గాదు. అటుపై వారికి దొరకిన మొదటి ముఖ్యకార్యమేది? 1934 జూన్ 30న హిట్లరు తన పక్షములోనే తనకు గిట్టనివారిని పట్టించి చంపించెను. చెరసాల ఆవరణములలో వారిని నిలిపి కాల్చినవారు ఈ అంగరక్షకులే. ఆ పక్షపు తుపానుదళములకు నాయకుడైన రోమ్‌ను మరునాడు చెరసాల గదిలో కాల్చినవారు థియోడోర్ ఐకే, లిపర్ట్ అను ఇరువురు ఎస్. ఎస్. అధికారులు. ఇట్లు ఈ దళము మొదట గెలిచిన రణము నిరాయుధులతో జరిగినది. ఆ చంపుటకు ప్రతిఫలముగా ఎస్. ఎస్.కు స్వంత సాయుధ పటాలముల నేర్పరచుకొను అనుమతి లభించెను. తుపానుదళముల పోటీ తొలగినదని సంతసించిన జర్మను సైన్యాధిపతులు దీనిని చూచి యూరకుండిరి.

హౌసర్ అప్పుడే రంగమున ప్రవేశించెను. అతడు 1932లో జర్మను సైన్యమునుండి ఉన్నతపదవిలో విశ్రాంతి పొందినవాడు. 1934లో ఎస్. ఎస్.లో చేరి, బ్రౌన్‌ష్వైగ్ నగరమున అధికారుల శిక్షణ పాఠశాలను నడపి, 1936 నాటికి ఈ పటాలములకు తనిఖీదారుడయ్యెను. తన పాతసైన్యపు కవాతును, క్రమశిక్షణను అతడు వీరికి నేర్పెను. అందువలన తాను నిర్మించినది సైన్యమే యని అతడు చెప్పుటలో కొంత సత్యమున్నది. కాని తుపాకి పట్టుట నేర్పినంత మాత్రమున, ఎవని పనుపున పేల్చవలెనను ప్రశ్న తీరదు. ఆ ప్రశ్నకు సమాధానము 1938 ఆగస్టు 17 నాటి హిట్లరు శాసనములో స్పష్టముగా నున్నది. ఈ పటాలములు సైన్యములోని భాగమును కావు, పోలీసులోని భాగమును కావు. నాయకుని యిచ్ఛకే లోబడి యుండవలసిన సాయుధదళమని ఆ శాసనము విధించినది. సైన్యములో భాగము కాదని యజమానుడే వ్రాసియిచ్చిన దానిని, ఇరువదియెనిమిది సంవత్సరముల తరువాత పరిచారకుడు కాదనుచున్నాడు.

చేర్చుకొను విధమును చూడుడు. ఇతర సైన్యములు ఆరోగ్యమును చూచును, వయస్సును చూచును. వీరు వంశవృక్షమును చూచిరి. సామాన్య సైనికుడు 1800 సంవత్సరము వరకును, అధికారి 1750 వరకును తన పూర్వులలో యూదుడు లేడని రుజువు చేయవలెను. పన్నొకటి పుచ్చి పూడ్పించుకొన్నవానిని సైతము 1936 వరకు తాము తీసికొనలేదని హిమ్లరు గొప్పలు చెప్పుకొనెను. సైనికుని ఎడమచంక క్రింద రక్తజాతిని తెలుపు అక్షరమును పచ్చబొట్టు పొడిచిరి. ‘మా మానమునకు పేరు విశ్వాసము’ అను అర్థమిచ్చు వాక్యమును నడికట్టు బిళ్లపై చెక్కిరి. ఈ చిన్నవాక్యములో ఆ సేనయొక్క ధర్మశాస్త్ర మంతయు నున్నదని మా అభిప్రాయము. మానమనునది మనుష్యుని అంతరాత్మలో నుండవలసినది. దానిని తీసి ఒకని పాదములకడ పెట్టినచో, ఆ యొకడు చేయుమన్నదెల్ల మానవంతమే యగును, వల దన్నదెల్ల మానహీనమే యగును. ఇక పాపమను మాటకు ఆ నిఘంటువులో చోటులేదు.

ఇది యొక పాయ. రెండవ పాయ డఖావునుండి వచ్చినది. రోమ్‌ను కాల్చిన ఐకే 1933 జూన్ నుండి అచ్చటి నిర్బంధశిబిరమునకు అధిపతి. 1934లో శిబిరములన్నిటిపై తనిఖీదారుడయ్యెను. ఖైదీలను కొట్టుటకు, ఉరితీయుటకు అతడు వ్రాసిన నియమావళి ఇతర శిబిరములకు మాతృకయైనది. ఖైదీయెడ జాలి చూపుట ఎస్. ఎస్. వానికి తగని బలహీనతయని అతడు కావలివారికి నూరిపోసెను. 1939 అక్టోబరులో ఆ కావలివారినుండి సుమారు 6,500 మందిని మూలబలముగా తీసి, డఖావు శిబిరస్థలముననే పుఱ్ఱె గుర్తుగల ‘టోటెన్‌కోఫ్’ డివిజనును నిర్మించిరి. ఐకేయే దానికి సేనాని. 1943 ఫిబ్రవరిలో రష్యాలో విమానము కూలి చచ్చువరకు అతడే సేనాని. 1940లో ఈ రెండు పాయలు కలిసి వాఫెన్ ఎస్. ఎస్. అను పేర నొక్క ప్రవాహమైనవి. నీరు కలిసిన పిదప ఏ గుక్కెడు ఏ పాయదని విడదీయుట ఎవ్వరితరము?

ఈ సేన యుద్ధమున పిరికిది కాదు. ఆ మాట దాచవలసిన పనిలేదు. 1943 ఫిబ్రవరిలో హౌసర్ ఖార్కోవ్ నగరమును విడువరాదను హిట్లరు ఆజ్ఞను మీరి తన ట్యాంకులను వెనుకకు తీసి, మార్చిలో ఆ నగరమును తిరిగి పట్టెను. రష్యాలో ఎచ్చట గండిపడినను ఈ డివిజనులనే అచ్చటికి తోలుచుండిరి. కాని ఆ ఖ్యాతి కొలది డివిజనులదే. 1945 నాటికి సంఖ్యలు వేసిన డివిజనులు 38. అందు కొన్ని కాగితముమీదనే యుండెను, కొన్ని మొదటి దెబ్బకే చెదరిపోయెను. ఉన్నవాటిలోను సాహసమునకు చెల్లించిన వెల మిక్కుటము. ఆజ్ఞ మీరి సేనను కాపాడిన హౌసర్ చేతనే మనకొక ప్రశ్న వేయవచ్చును: పట్టణము విడుచు విషయమున హిట్లరు మాట కాదనగలిగిన సేనానులు, ఖైదీలను చంపు విషయమున కాదనలేకపోయిరా?

ఇక ఈ గ్రంథముల రచనాపద్ధతిని విచారింతము. హౌసర్ వ్రాసినది డివిజనుల నడకలు, ఎదురుదాడులు, తేదీలు గల సైనికచరిత్ర; అందు మనుష్యుడు తక్కువ. కుర్ట్ మేయర్ 1957లో ప్రకటించిన స్వీయకథ అట్టిది కాదు. అతనికి కథ చెప్పు శక్తి యున్నది. 1941 ఏప్రిలులో గ్రీసుదేశపు క్లిసురా కనుమలో తుపాకిగుండ్ల వానలో తన సైనికులు రాళ్లచాటున నక్కి కదలకుండగా, మేయర్ చేతిబాంబు కీలు లాగి వారిలో కట్టకడపటివాని వెనుకకు దొర్లించెనట. అందరును ఎగిరి ముందునకు దుమికిరట. ఈ ఘట్టము చదివిన బాలుడు దానిని మరువడు. కాని కొంచెము నిలిచి యోచించిన, ఆ కథలో ఆ సేనయొక్క స్వభావమే బయటపడుచున్నది. ముందు శత్రువు, వెనుక నాయకుని బాంబు, నడుమ సైనికుడు. దీనిని వినోదముగా చెప్పుకొనువానికి తనవారి ప్రాణమే తృణప్రాయము. పరుల ప్రాణము మాట చెప్పనేల?

అదే మేయర్ 1944 జూన్‌లో నార్మండీలో ‘హిట్లర్ యూగెండ్’ డివిజనునందొక రెజిమెంటును నడపెను. కాన్ నగరము దాపున ఆర్డెన్ మఠమున అతని మకాము. ఆ మఠపు తోటలో కెనడా దేశపు యుద్ధఖైదీలు పదునెనిమిదిమంది తలలపై కాల్చబడి పూడ్చబడిరి. 1945 డిసెంబరులో కెనడా సైనికన్యాయస్థానము ఆ మరణములకు మేయర్‌ను బాధ్యునిగా నెంచి మరణశిక్ష విధించెను. అది పిదప యావజ్జీవశిక్షగా మారి, 1954లో అతడు విడుదలయ్యెను. తానట్టి ఆజ్ఞ ఇయ్యలేదని అతడు కడవరకు వాదించెను. క్లిసురాలో రాతిచాటున నక్కిన యొక్కొక్కని చూచినవాడు, తన మకాముతోటలో జరిగిన దానిని చూడలేదు.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పెదము. ఆ డివిజనులోని సైనికులు పెక్కండ్రు 1926లో పుట్టినవారు. పదునేడు, పదునెనిమిది యేండ్ల బాలురు. పదునెనిమిది నిండనివారికి సిగరెట్లకు మారుగా మిఠాయి బిళ్లలు పంచిరి. మిఠాయి తిను వయస్సువానికి తుపాకి యిచ్చి ఖైదీలు చిక్కినచోట నిలిపిన పెద్దలు, తరువాత ఆ బాలుర శౌర్యమును పొగడుచు పుస్తకములు వ్రాసిరి. ఆ బాలురు బడిలో చేరిననాడు హిట్లరు ఇంకను అధికారమునకు వచ్చియుండలేదో, అప్పుడే వచ్చియుండెనో. వారి చదువంతయు అతని నీడలోనే సాగినది. ఉపాధ్యాయులు ఏమి చెప్పిరో, ఏమి చెప్పక యూరకుండిరో ఆ తోటలో ఫలించినది. బడిపంతులు పని చిన్నదని భావించువారు ఈ విషయము గుర్తింపవలెను.

మా తరగతులలో కర్తరి, కర్మణి ప్రయోగములు నేర్పునప్పుడు, తెలుగునకు కర్మణి సహజము గాదని చెప్పుచుందుము. ‘రాముడు రావణుని చంపెను’ అనుట తెలుగు; ‘రావణుడు చంపబడెను’ అన్నచో, ఎవనిచేత అని వినువాడు వెంటనే అడుగును. ఈ జాతి యుద్ధగ్రంథములు చదువువాడు ఆ తెలుగు చెవిని పెట్టుకొని చదువవలెను. నగరము పట్టినప్పుడు కర్తకు పేరుండును, బిరుదుండును, ఛాయాచిత్రముండును. గ్రామము తగులబడినప్పుడు కర్త మాయమగును. లేదా ఆ పని పోలీసులదో, శిబిరపు ఎస్. ఎస్. వారిదో, దేశీయ గెరిల్లాలు రేపిన కోపముదో యగును. ఈ లోపించిన కర్తలను తిరిగి వాక్యములోనికి తెచ్చుటయే చరిత్రకారుని వ్యాకరణము.

కొన్ని వాక్యములు మేము పూరించెదము. 1940 మే 27న ఫ్రాన్సులో ల పారాడీ అను పల్లెకడ, తూటాలు ముగిసి లొంగిపోయిన బ్రిటిషు సైనికులను ఒక కొట్టము గోడకు ఆనించి మరతుపాకులతో కాల్చి 97 మందిని చంపినవారు టోటెన్‌కోఫ్ డివిజనువారు. పీనుగుల నడుమనుండి ఇరువురు బ్రదికి బయటపడి సాక్ష్యము చెప్పిరి. ఆజ్ఞ ఇచ్చిన ఫ్రిట్జ్ నోక్లైన్‌ను ఎస్. ఎస్. శిక్షింపలేదు, అతని పదవి పెరుగుచునే యుండెను, శౌర్యపతకము వచ్చెను. 1949 జనవరిలో బ్రిటిషువారు అతనిని ఉరితీసిరి. 1941 ఆగస్టులో ప్రిపెట్ చిత్తడినేలలలో వేలకొలది యూదులను ఇంటింట వెదకి చంపినది ఎస్. ఎస్. అశ్వికదళము. 1944 జూన్ 9న టూల్ పట్టణపు వీథులలో 99 మంది పౌరులను ఉరివేసినది ‘దాస్ రైఖ్’ డివిజను. మరునాడు ఓరడూర్-సుర్-గ్లాన్ అను గ్రామమున పురుషులను కొట్టములలో కాల్చి, స్త్రీలను పిల్లలను చర్చిలో మూసి నిప్పంటించి, 640కి పైగా ప్రాణములు తీసినదియు ఆ డివిజనే. ఆ శిథిలగ్రామమును ఫ్రెంచివారు నేటికిని అట్లే నిలిపియుంచిరి. ఆనాడు హౌసర్ ఆ డివిజనునకు అధిపతి కాడు. కాని యుద్ధారంభమున దానిని కూర్చి నడపినవాడు అతడే. ఓరడూర్ నేరస్థుల విచారణ బోర్డో నగరమున జరిగినది 1953లో. హౌసర్ మొదటి గ్రంథము వెలువడినదియు ఆ సంవత్సరమే.

ఇవి వేడిలో జరిగిన పొరపాటులనియు, ఏ సైన్యమునందైన జరుగుననియు కొందరు వాదింతురు. యుద్ధమున నిగ్రహము తప్పినవాడు అన్ని సైన్యములలోను ఉండును. అట్టివానిని శిక్షించునది సైన్యము, పదవి పెంచునది మరియొకటి. ‘శిబిరములు వేరు, మేము వేరు’ అను వాదమును నిలువదు. శిబిరముల కావలివారును వాఫెన్ ఎస్. ఎస్. దుస్తులే తొడిగిరి, ఆ జీతపు పుస్తకములే యుంచుకొనిరి. గాయపడి యుద్ధమునకు పనికిరానివారు శిబిరమునకు పోవుటయు, శిబిరమునుండి యుద్ధభూమికి వచ్చుటయు కలదు. 1943లో వార్సా నగరపు యూదులవాడను నేలమట్టము చేసినప్పుడు వచ్చినవారిలో వాఫెన్ ఎస్. ఎస్. శిక్షణ పటాలములుండెను. న్యూరెంబర్గు న్యాయస్థానము 1946లో ఇట్టి ప్రమాణములు చూచియే వాఫెన్ ఎస్. ఎస్.తో సహా ఎస్. ఎస్.ను నేరస్థసంస్థగా నిర్ణయించినది.

రెండవ వాదము ఫెలిక్స్ స్టైనర్ అను సేనానిది. స్వచ్ఛందసైనికులను గూర్చి 1958లో అతడు ప్రకటించిన గ్రంథము ప్రకారము, ఈ సేన ఐరోపాజాతుల తొలి ఉమ్మడిసేన. నానాదేశీయు లుండిన మాట నిజమే. యుద్ధకాలమున ఇందు చేరిన సుమారు తొమ్మిది లక్షలమందిలో సగమునకు పైగా జర్మనీ పౌరులు కారని లెక్క. కాని వారు వచ్చిన కారణము ఐరోపాప్రేమ కాదు. జర్మను యువకులను ఎస్. ఎస్.కు విడుచుటకు సైన్యము ఒప్పుకొనకపోగా, చేర్చుకొను అధికారియైన గోట్లోబ్ బెర్గర్ పొలిమేర కావలికి పోయెను. మొదట డేనులు, డచ్చివారు, నార్వేవారు. పిదప సరిహద్దుల వెలుపలి జర్మనువంశీయులు, పెక్కండ్రు బలవంతముననే. తుదకు బోస్నియా ముస్లిములు, ఉక్రెయిను వారు, లాట్వియా వారు. 1750 వరకు వంశవృక్ష మడిగిన ద్వారమున 1943 నాటికి ఎవరు వచ్చిన వారిని రానిచ్చిరి. జాతిశుద్ధి సిద్ధాంతము నిజమైనచో ఈ చేర్పు తప్పు. ఈ చేర్పు సరియైనచో ఆ సిద్ధాంత మబద్ధము. స్టైనర్ గ్రంథమున ఈ చిక్కు విడలేదు.

ఈ పట్టికలో మన దేశీయుల పేరును కలదు. ఉత్తరాఫ్రికాలో జర్మనులకు చిక్కిన భారతీయ యుద్ధఖైదీలనుండి సుభాస్ చంద్ర బోసు కూర్చిన దళము జర్మను సైన్యమున ఒక రెజిమెంటుగా నుండెను. అందు రెండున్నర వేలమంది యుండిరి. 1943 ఫిబ్రవరిలో బోసు జలాంతర్గామిలో తూర్పునకు సాగిపోయెను. వెంట నున్నవాడు హైదరాబాదువాడైన ఆబిద్ హసన్. నాయకుడు వెడలిన ఏడాదిన్నరకు, 1944 ఆగస్టులో, ఆ దళమును వాఫెన్ ఎస్. ఎస్.లోనికి బదలాయించిరి. స్వదేశవిముక్తికై తుపాకి పట్టినవారు ఇట్లు హిమ్లరు లెక్కలో పడిరి. దీనివలన ఆ సైనికుల దేశభక్తిని శంకింప నక్కరలేదు; ఒక నియంత సహాయము కోరువాడు తుదకు ఎవరి పద్దులో చేరునో తానే నిర్ణయించుకొనలేడని మాత్రము తెలిసికొనవచ్చును.

అట్లయిన తొమ్మిది లక్షలమందియు పాపాత్ములేనా? కాదు. న్యూరెంబర్గు తీర్పే, రాజ్యము బలవంతముగా చేర్చగా వేరు దారి లేక చేరి నేరము చేయనివారిని మినహాయించినది. 1944 తరువాత తమ యిష్టముతో నిమిత్తము లేకయే ఈ సేనలో పడిన బాలురు పెక్కండ్రు. 1999లో నోబెల్ బహుమానమందిన గుంటర్ గ్రాస్ అట్టివాడు. పదునేడవయేట ‘ఫ్రుండ్స్‌బెర్గ్’ డివిజనులో చేరిన సంగతిని అరువది సంవత్సరములకు పైగా దాచి, 2006లో తన ఆత్మకథలో బయటపెట్టెను. జర్మనీ మౌనమును జీవితమంతయు నిలదీసినవాడు తన మౌనమును ఇంతకాల మేల కాచుకొనెనని లోకము నిందించినది; ఆ నింద న్యాయమే. అయినను విమర్శకుని త్రాసులో అతని గ్రంథము హౌసర్ గ్రంథముకంటె బరువైనది. హౌసర్ తన సేన అందరివంటిదనుచు తన పాలు తగ్గించుకొనెను. గ్రాస్ తాను బాలుడననియు, ఏమియు నెరుగననియు తప్పించుకొనుటకు వీలుండియు, ఆ సాకు చాలదని తనపై తానే ప్రశ్న వేసికొనెను. ఆలస్యముగా వచ్చిన ‘నేను’ ఎన్నడును రాని ‘నేను’కంటె మేలు.

మరియొక ఆక్షేపణ బలమైనది. జర్మను సైన్యమును నిర్దోషి కాదు. 1934 ఆగస్టు తరువాత అదియు హిట్లరు పేర ప్రమాణము చేసినది. రష్యాలో ఖైదీలను లక్షలుగా ఆకటికి చంపినది. ఈ సంగతులు చరిత్రకారుల గ్రంథములలోను, 1995లో హాంబర్గున ప్రారంభమైన ప్రదర్శనములోను రుజువైనవి. అట్లయిన వాఫెన్ ఎస్. ఎస్. వారు నిజముగా ‘ఇతరులవంటివారే’ గదా యని అడుగవచ్చును. ఆ యర్థమున మేమును ఒప్పుకొందుము. కాని హౌసర్ ఆ పేరు పెట్టినది ఇతరులు నిర్మలులను నమ్మకముతో. ఇతరుల చేతులును రక్తసిక్తములని తేలిన పిదప, ఆ వాక్యము విడుదలపత్రము కాదు. నేరమున పాలు పంచుకొన్నట్లు ఒప్పుదల.

ఈ గ్రంథములు పుట్టుటకు కారణము చరిత్రజిజ్ఞాస మాత్రమే కాదు. 1951లో వాఫెన్ ఎస్. ఎస్. మాజీ సైనికులు హియాగ్ అను పరస్పరసహాయక సంఘము స్థాపించిరి. ఇతర సైనికులకు ఇచ్చు భృతి తమకును ఇయ్యవలెనని దాని కోరిక. ‘ఇతరులవంటి సైనికులే’ అను వాక్యమునకు మొదటి యర్థము భృతి; గౌరవము తరువాత. వారి వోట్లను ఆశించిన రాజకీయపక్షములు ఆ వాక్యమునకు తల యూపినవి. 1953 ఎన్నికల ముందు ప్రధాని అడెనౌవరే ఆ యర్థము వచ్చునట్లు మాటలాడెను. సంఘమునకు పత్రికయు, ప్రచురణాలయమును ఏర్పడినవి. 1992లో ఆ సంఘము మూతపడెను గాని అది వెదజల్లిన గ్రంథములు ఇతర భాషలలో మొలకెత్తుచునే యున్నవి. వీటికి ప్రతిగా నిలిచిన రచనలును కలవు: అమెరికాలో జార్జి స్టైన్ 1966లో, చార్లెస్ సిడ్నర్ టోటెన్‌కోఫ్ డివిజనునుగూర్చి 1977లో, జర్మనీలో బెర్న్డ్ వెగ్నర్ 1982లో దస్తావేజులు శోధించి వ్రాసిరి. వీరి గ్రంథములలో బొమ్మలు తక్కువ, కర్తలు ఎక్కువ. ఒక గ్రంథాలయము మొదటి జాతి పుస్తకములు పదియుంచి రెండవ జాతిది ఒకటియైన ఉంచకున్నచో, ఆ గ్రంథాలయము పక్షపాతము చేసినట్లే.

వీరగాథ మన సాహిత్యమునకు క్రొత్త కాదు. స్వామిద్రోహమును మించిన పాపము లేదని మన పెద్దలును చెప్పిరి. ఉప్పు తిన్న ఋణమునకై భీష్మద్రోణులు అధర్మపక్షమున నిలిచిరి. కాని వ్యాసుడు దానిని ఆ వృద్ధుల దుఃఖముగా చెప్పెను గాని వారి కీర్తిగా చెప్పలేదు. విశ్వాసమే మానమని నమ్మినవాని కడపటి చిత్రము సౌప్తికపర్వమున నున్నది. తొడలు విరిగి పడియున్న రాజునకు ప్రీతి చేయుటకై, అతడు నియమించిన చివరి సేనాని అశ్వత్థామ, రాత్రివేళ శిబిరమున నిద్రించువారిని చంపెను. అతడు శూరుడు కాడని ఎవరనగలరు? తిక్కన ఆ పర్వమును తెలుగు చేయునప్పుడు ఆ రాత్రిని దాచలేదు. ద్రోణుని పడగొట్టుటకు ధర్మరాజు పలికిన కల్లనుసైతము భారతము దాచలేదు, గెలిచినవారి కథయైనను. తనవారి పాపమునకును కర్తను పేరుపెట్టి చెప్పుట మన సాహిత్యమున గొప్ప సంప్రదాయము. అట్టి సాహిత్యమునకు వారసులైనవారు కర్తలు లేని యుద్ధకథలకు మురియుట తగదు.

కావున మా నిర్ణయమిది. హౌసర్ ప్రతిజ్ఞకు హేతువు చాలలేదు; ఉదాహరణములు ప్రతిజ్ఞకు విరుద్ధముగా నున్నవి. ఈ సేన ఇతరులవలె నుండకుండుటకే పుట్టినది, ఆ భేదమునే పన్నెండేండ్లు గర్వముగా ధరించినది, ఓడిన పిదప ఆ భేదమును విప్పి గుంపులో కలియజూచినది. యుద్ధగ్రంథము చేత పట్టిన బాలునకు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు నేర్పిన చాలును: ఈ సేన ఎవని పేర ప్రమాణము చేసినది? చేతికి చిక్కిన నిరాయుధుని ఏమి చేసినది? ఆ పని చేసినవానిని దాని నాయకులు ఏమి చేసిరి? ఈ మూడింటికి సమాధానము చెప్పని పుస్తకము ఎంత లావైనదైనను, ఎన్ని బొమ్మలు గలదైనను, చరిత్ర యని దానిని పిలువరాదు.